ఫ్యామిలీ కోర్టులో చిన్నపిల్లల విజిటేషన్: ఒక మేనమామ రివ్యూ

విడిగా ఉంటున్న అమ్మానాన్నల మధ్య మూడేళ్ల బాబు ఎవరితో ఎంతసేపు గడపాలో ఫ్యామిలీ కోర్టు ఎలా తేలుస్తుంది, తేల్చాక ఆ కలవడం, అంటే విజిటేషన్, ఎలా జరుగుతుంది అన్నది దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను. బాబు మా చెల్లెలి కొడుకు. వాణ్ణి తీసుకెళ్లి వాళ్ల నాన్నకి అప్పగించి, టైము కాగానే తిరిగి తీసుకొచ్చే మనిషిగా కోర్టు ఆర్డర్‌లో నా పేరే ఉంది. ఏ ఊరు, ఏ కోర్టు అన్నది రాయను, బాబు పెద్దయ్యాక చదివినా ఇబ్బంది పడకూడదు. పైగా ఊరు మారినా ఈ కథ పెద్దగా మారదని హాల్లో మాతో పాటు వాయిదాల కోసం కూర్చున్నవాళ్లు చెప్పిన మాటల్ని బట్టి అర్థమైంది.

ముందు మార్కులు చెప్పేస్తాను. కౌన్సెలర్‌కి ఐదుకి ఐదు. జడ్జిగారికి నాలుగు. మొదటి ఆర్డర్ రాసిన తీరుకి రెండు, మార్చాక వచ్చిన ఆర్డర్‌కి నాలుగున్నర. కోర్టులో ఉన్న పిల్లల గదికి ఒకటి, అది కూడా అక్కడి అటెండర్ గారి మంచితనానికి. మొత్తంగా ఎంత అంటే చెప్పలేను, ఎందుకంటే వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా మిగతావి ఎంత బాగున్నా పిల్లాడికి ఒరిగేదేమీ ఉండదు.

కేసు వేసింది బావే. గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ 1890 కింద ఓపీ, అంటే అసలు పిటిషన్, వేశాడు, కేసు తేలేలోపు బాబుని చూసుకునే ఏర్పాటు చేయమని అందులోనే సెక్షన్ 12 కింద ఒక ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేశాడు. మా తరఫున మొదట పెట్టుకున్న లాయరు గారు హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ 1956లో సెక్షన్ 6 చూపించి, ఐదేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గరే, మీకేం టెన్షన్ లేదమ్మా అన్నారు. మామూలుగా ఐదేళ్లలోపు బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని ఆ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. కానీ అది బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న దాని గురించి, తండ్రి మొహం చూడకూడదని అందులో ఎక్కడా లేదు. అదే చట్టంలో సెక్షన్ 13 బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అంటుంది, జడ్జిగారు చూసేది అదే. ఈ సంగతి మాకు ముందే విడమరిచి చెప్పి ఉంటే, బావకి విజిటేషన్ ఇచ్చిన రోజు మా అమ్మా చెల్లెలూ కేసు ఓడిపోయామని అంత కుమిలిపోయేవాళ్లు కాదు. చిన్నపిల్లలున్న కేసుకి లాయర్ని పెట్టుకునేవాళ్లు మొదటి రోజే అడగాల్సింది, గెలుస్తామా అని కాదు, విజిటేషన్ ఎలా ఉంటే పిల్లకి మంచిది అని. దానికి వివరంగా జవాబు చెప్పలేని లాయరు దగ్గర ఈ రకం కేసు పెట్టకండి.

ఐఏ మీద ఆర్డర్ రావడానికి నెలలు పట్టింది. కౌంటర్‌కి, అంటే మా జవాబుకి, టైము, తర్వాత వాదనలకి టైము, మధ్యలో జడ్జిగారి సెలవు, లాయర్లు కోర్టుని బహిష్కరించడం. పెద్దవాళ్ల ఆస్తి కేసు ఆర్నెల్లు ఆగితే ఆగుతుంది గానీ మూడేళ్ల పిల్లాడికి ఆర్నెల్లంటే వాడి బతుకులో ఆరో వంతు. ఈలోగా బాబు నాన్న మొహం మర్చిపోయాడు. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు, అయినా జరిగింది. ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ ఆలస్యమే. చూసుకునే ఏర్పాటు ఒక్కటైనా, ఎంత చిన్నదైనా సరే, మొదటి వాయిదాల్లోనే చేసేసి మిగతా గొడవ తర్వాత తీరిగ్గా వినొచ్చు కదా అనిపించింది.

జడ్జిగారి గురించి మాత్రం మంచే చెప్పాలి. ఫ్యామిలీ కోర్ట్స్ యాక్ట్ 1984 ప్రకారం ఇక్కడ లాయరు తప్పనిసరిగా ఉండాలన్న హక్కు ఎవరికీ లేదు, జడ్జి ఒప్పుకుంటేనే లాయరు. రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యతల్లో ఒకటి, విచారణ తలుపులేసి జరపమని అడగొచ్చు. మా దగ్గర ఇద్దరు లాయర్లనీ బయట ఉండమని చెప్పి చెల్లెల్నీ బావనీ ఛాంబర్‌లో కూర్చోబెట్టారట. అడిగిన మొదటి ప్రశ్న, బాబు మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటాడు అని. చెల్లెలు చెప్పింది. బావకి తెలీదు, తల దించుకున్నాడట. జడ్జిగారు మందలించలేదు, తెలుసుకునే అవకాశం ఇస్తే తెలుస్తుంది కదమ్మా అని చెల్లెలితోనే అన్నారట. బయటికొచ్చి ఈ మాట నాతో చెబుతున్నప్పుడు దాని గొంతులో కోపం కొంచెం తగ్గినట్టు నాకు తెలిసింది.

ఇక కౌన్సెలర్. మీ కోర్టులో ఈ వసతి ఉంటే వాళ్ల అపాయింట్‌మెంట్ అస్సలు వదులుకోకండి. మాకు దొరికినావిడ బాబుతో మాట్లాడ్డానికి కుర్చీ దిగి చాప మీద కూర్చున్నారు. నాన్న కావాలా అమ్మ కావాలా అని ఒక్కసారి కూడా అడగలేదు. వాడి చేతిలో ఉన్న చిన్న బస్సు బొమ్మ తీసుకుని ఇందులో ఎవరెవరు ఎక్కుతారు అని అడిగారు. అమ్మ, అమ్మమ్మ, మామయ్య అని వరసగా ఎక్కించాడు. ఆవిడ ఇంకెవర్నీ ఎక్కించమనలేదు, సీట్లు ఇంకా ఉన్నాయి కదా అని మాత్రం అన్నారు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాట ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. ఈ వయసు పిల్లలకి వచ్చే నెల, పై వారం అంటే అర్థం కాదు, మధ్యలో గ్యాప్ ఎక్కువైతే ప్రతిసారీ మళ్లీ కొత్త మనిషి దగ్గరికి వెళ్లినట్టే ఉంటుంది, అందుకని నెలకోసారి రోజంతా ఉంచడం కంటే వారంలో రెండు మూడు సార్లు గంటో రెండు గంటలో కలవడం మంచిది, రాత్రి ఉంచుకోవడం సంగతి వాడు అలవాటు పడ్డాక చూసుకోవచ్చు అన్నారు. ఒక్కటే లోటు, అంత మంచి మనిషి మీద అన్ని కేసుల భారం ఉంది. మాకు దొరికింది అరగంటే, మా వెనక ఇంకో నాలుగు కుటుంబాలు నిలబడి ఉన్నాయి.

ఆవిడ రిపోర్టు ఇచ్చినా, మొదటి ఆర్డర్‌లో అదేమీ కనిపించలేదు. ప్రతి శనివారం ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు, కోర్టులో పిల్లల గదిలో, తల్లి తరఫున ఒకరి సమక్షంలో. అంతే, నాలుగు లైన్లు. చదివినప్పుడు బాగానే ఉంది అనిపిస్తుంది. రెండో శనివారం కోర్టుకి సెలవు అన్న సంగతి ఆర్డర్ రాసినవాళ్లకీ తట్టలేదు, ఇద్దరు లాయర్లకీ తట్టలేదు. ఆ శనివారం నేను బాబుని ఎత్తుకుని, బావ చేతిలో అరటిపళ్ల కవరుతో, తాళం వేసిన గేటు ముందు నిలబడ్డాం. పక్కన టీకొట్టు బెంచీ మీద కూర్చుని కలుద్దామా అన్నాడు బావ. ఆర్డర్‌లో గది అని ఉంది, బయట కలిస్తే రేపు ఎవరు ఏమంటారో అని నాకూ భయమే. ఫోన్ చేస్తే ఒక లాయరు గారు కలవండి అన్నారు, ఇంకొకరు వద్దన్నారు. చివరికి కలవకుండానే వెనక్కొచ్చాం. వారమంతా శనివారం కోసం ఎదురుచూసిన మనిషికి అది ఎంత కష్టమో ఆ రోజు బావ మొహం చూస్తే అర్థమైంది.

గది గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఆర్డర్‌లో చిల్డ్రన్స్ రూమ్ అని చదివి మనం ఊహించుకునేది వేరు. గోడ మీద కార్టూన్ బొమ్మలు వేశారు, చెమ్మకి పెచ్చులూడాయి. ప్లాస్టిక్ జారుడుబల్ల ఒకటి, దాని అంచు పగిలితే టేపు చుట్టారు. చక్రాల్లేని కారు, సగం పేజీలు లేని రంగుల పుస్తకం. ఎనిమిది కుర్చీలు. తలుపు దగ్గర టేబుల్ మీద రిజిస్టర్, వచ్చిన టైము, వెళ్లిన టైము, ఇద్దరి సంతకాలు. ఒకే టైముకి మూడు నాలుగు కుటుంబాలకి ఇస్తారు. అవతల మూల ఎవరో భార్యాభర్తలు స్కూలు ఫీజు గురించి అరుచుకుంటుంటే మా వాడు చెవులు మూసుకుని నా కాళ్ల మధ్యకి వచ్చేశాడు. బాత్రూంకి వెళ్లాలంటే మెట్లు దిగి రికార్డుల సెక్షన్ దాటి వెళ్లాలి, అందులో చిన్నపిల్లలు కూర్చునే వీలే లేదు. మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి వాడికి నిద్ర వేళ, ఆ అరగంటా ఏడుపే. ఆ ఏడుపు చూసి అటువైపు వాళ్లు మేమేదో నూరిపోసి తెచ్చామనుకున్నారు, మా వైపు వాళ్లు నాన్నంటే భయపడుతున్నాడు అనుకున్నారు. నిజానికి వాడికి నిద్రొచ్చింది. అంతకంటే ఏమీ లేదు. రెండు పక్షాలూ ఆ ఏడుపుని కౌంటర్లలో రాసుకున్నాయి.

అటెండర్ గారు మాత్రం తన డ్రాయర్లోంచి ఒక రబ్బరు బంతి తీసి మా వాడికే కాదు, వచ్చిన ప్రతి పిల్లకీ ఇచ్చేవారు. ఆయన డబ్బులతో కొన్నదే.

మొదట్లో బాబు బావని అంకుల్ అన్నాడు. బావ పెద్ద రిమోట్ కారు తెచ్చాడు, అది మోత చేసుకుంటూ మీదకి వస్తే వీడు బెదిరిపోయాడు. ఆ తర్వాత ఏమీ తేలేదు. నేల మీద కూర్చుని వాడి బూట్ల వెల్‌క్రో పట్టీ చర్రున లాగాడు, మళ్లీ అంటించాడు. వీడు నవ్వాడు. మళ్లీ లాగమన్నాడు. ఆ రోజు మిగిలిన టైమంతా అదే ఆట, రెండు బూట్లూ మార్చి మార్చి. వెళ్లేటప్పుడు ఇంకో బూటు బావ ఒళ్లో పెట్టి తొడగమన్నాడు. మనం ఎన్ని అఫిడవిట్లు వేసుకున్నా వాళ్లిద్దరి మధ్య పని అలా మొదలైంది, దానికి కావలసినవి నేలా టైమూ మాత్రమే. ఇది చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకుండా దాచే మేనమామలు కూడా ఉంటారు, వాళ్లకి నా విన్నపం, అప్పగించే మనిషి రెండు ఇళ్లకీ ఒకే మాట చెప్పాలి. కోర్టు మన పేరు రాసింది గూఢచారి పనికి కాదు.

గొడవ వచ్చింది తిండి దగ్గర. ఒకసారి బావ వాళ్లమ్మగారు చేసిన జంతికలు డబ్బాలో తెచ్చాడు. నానమ్మ చేతి జంతికలు, పాపం కారం లేకుండా వేరే చేసింది. అంతకుముందు రాత్రే బాబుకి వాంతులు అయ్యాయి, పెట్టొద్దు బావగారూ అన్నాను. ఆర్డర్‌లో ఉందా అన్నాడు. లేదు. పెట్టొచ్చు అనీ లేదు, పెట్టకూడదు అనీ లేదు. నానమ్మ రావచ్చా, జ్వరం వస్తే ఆ వారం బదులు ఇంకో రోజు ఇవ్వాలా, బావ ఆలస్యంగా వస్తే ఎంతసేపు ఆగాలి, పుట్టినరోజు ఎవరికి, సంక్రాంతి ఎవరింట్లో, ఏదీ లేదు. ఆర్డర్ మౌనంగా ఉన్న ప్రతి చోటా మేం గొడవ పడ్డాం, పడిన ప్రతి గొడవకీ లాయర్ల మధ్య ఒక నోటీసు నడిచింది.

చివరికి కౌన్సెలర్ గారే మళ్లీ ఇద్దర్నీ పిలిచి, ఇద్దరూ ఒప్పుకున్నవి కలిసి రాసి జాయింట్ మెమోగా కోర్టులో వేయమన్నారు. పిల్లల విషయంలో ఇచ్చిన ఆర్డర్ రాతి మీద గీత కాదు, పరిస్థితి మారితే అదే కోర్టు మార్చవచ్చు, ఇది చాలామందికి తెలీదు. మధ్యంతర ఆర్డర్ మీద ఫ్యామిలీ కోర్ట్స్ యాక్ట్ సెక్షన్ 19 కింద అప్పీలు లేదు కాబట్టి హైకోర్టుకి పరిగెత్తే ముందు అక్కడే మార్పు కోరడం తేలిక, ఖర్చు కూడా తక్కువ. మా రెండో ఆర్డర్ రెండున్నర పేజీలు వచ్చింది. ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర, బుధవారం సాయంత్రం ఒక గంట, మా ఇంటి దగ్గర పార్కులో. నానమ్మ తాతయ్య రావచ్చు. బాబు మందులు, పడని తిండి ముందు రోజు రాత్రి మెసేజ్‌లో చెప్పాలి. అరగంట దాటితే ఆ పూట రద్దు, జ్వరమొస్తే డాక్టరు చీటీ ఫోటో పంపి అదే వారంలో వేరే రోజు ఇవ్వాలి. బాబు ముందు కేసు మాట ఎత్తకూడదు. కొన్ని నెలలు ఇలా సజావుగా సాగితే పక్కన ఎవరూ లేకుండా బావ తన ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఈ కాగితం వచ్చాక ఫోన్లలో అరుపులు ఆగిపోయాయి, నిజంగా ఆగిపోయాయి. పార్కులో బావకి బాబు పెరుగన్నం నీళ్లలా పల్చగా కలిపితేనే తింటాడని కూడా తెలిసింది.

ఆ తర్వాత బావకి వేరే ఊరికి బదిలీ అయింది. నెలకి రెండుసార్లు బాబుని అక్కడికే తీసుకురావాలని పిటిషన్ వేశాడు. ఇప్పుడున్న మా లాయరు గారు 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి చూపించారు. తమిళనాడు కేసు, రెండేళ్ల పాపని నాన్నని కలవడానికి మదురై నుంచి కరూర్‌కి ప్రతి ఆదివారం తీసుకెళ్లమన్నారు, రానూపోనూ 300 కిలోమీటర్లు. తండ్రికి కలిసే హక్కు ఉంది గానీ దానికోసం పాప ఆరోగ్యం పణంగా పెట్టలేం అని, మదురైలోనే కలవమని మార్చింది సుప్రీంకోర్టు. మా జడ్జిగారు కూడా ప్రయాణం పెద్దవాళ్లే చేయాలి అన్నారు. అయితే బావ వచ్చిన ఆదివారం పొద్దునా సాయంత్రమూ రెండు పూటలా ఇచ్చి, మధ్యలో బాబు మా ఇంట్లో నిద్రపోయేలా రాశారు. ఆయన అంత దూరం వచ్చిపోయే కష్టానికి ఇదీ న్యాయమే అని నా అభిప్రాయం, మా ఇంట్లో అందరూ ఒప్పుకోకపోయినా.

దూరంగా ఉన్నవాళ్లకి వీడియో కాల్స్ గురించి కూడా అడగండి. 2020లో రాజస్థాన్ నుంచి వెళ్లిన ఒక కేసులో, తల్లిదండ్రులు దూరదూరంగా ఉంటే బిడ్డ దగ్గర లేని వాళ్లకి రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే వీలుండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆర్డర్‌లో రాత్రి 7:30కి పది నిమిషాలు, కాల్ నా ఫోన్‌కి. మూడేళ్ల పిల్లాడు స్క్రీన్‌లో ఏం తిన్నావు అంటే జవాబు చెప్పడు. బావ తన గదిలో బల్లి ఎక్కడుందో వెతికి చూపిస్తే మాత్రం కదలకుండా కూర్చుంటాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ల కేసులు ఇంకా చిక్కు, ఎందుకంటే పిల్లల్ని దేశం దాటించడం మీద 1980లో వచ్చిన హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, అలాంటివాళ్లు రెండు దేశాల లాయర్లతోనూ మాట్లాడకుండా టికెట్ కొనకండి.

ఖర్చు భరించలేని వాళ్లకి ఒక మాట. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబరు 15100. భరణం రావట్లేదని బిడ్డని చూపించకపోవడం, బిడ్డని చూపించట్లేదని భరణం ఆపడం, ఈ రెండూ కోర్టు ముందు నిలబడవు, రెండూ వేరు వేరు దారులు. హాల్లో ఈ సలహా ఇచ్చే పెద్దమనుషులు చాలామంది ఉంటారు, వినకండి.

చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2015లోనే 257వ రిపోర్టులో ఇద్దరూ కలిసి బిడ్డని పెంచే పద్ధతికీ విజిటేషన్ ఎలా ఉండాలన్న దానికీ మార్గదర్శకాలు రాసి ఇచ్చింది, చట్టంలోకి రాలేదు. వచ్చి ఉంటే మొదటి ఆర్డర్ నాలుగు లైన్లలో ముగిసేది కాదు. అప్పటిదాకా మన పని మనమే చేసుకోవాలి. మీ ఐఏలోనే రోజు, టైము, చోటు, అప్పగించే మనిషి, కోర్టు సెలవులు, జ్వరం, పండగలు, బాబు నిద్ర వేళ, అన్నీ రాసి అడగండి. అడిగితే జడ్జిలు ఇస్తున్నారు, అడగకపోతే గదీ రిజిస్టరూ దొరుకుతాయి.

మాకు వచ్చే వాయిదాలో దసరా సెలవుల సంగతి ఉంది. సగం రోజులు కావాలని బావ అడిగాడు, రెండు రాత్రులతో మొదలుపెడదామని చెల్లెలే మెమో వేయించింది. ఆర్డర్ వచ్చాక దాన్ని కూడా ఈ రివ్యూకి కలుపుతాను.